పక్క రేడియో అక్క గొంతు

ఓర్వకల్లు దగ్గర మహిళా సంఘం రేడియోలో ఒక అక్క వార్తలు చదివేది. చదివేది అనడం మర్యాద, అరిచేది. పక్కూళ్లోని మా కాలేజీ రేడియోలో ఆ అరుపును అనుకరించడమే నాకున్న ఒకే ఒక్క జోకు.

రెండు స్టేషన్ల ఫ్రీక్వెన్సీలూ పక్కపక్కనే కావడంతో నా మాటలు ఆమె వార్తల్లోకి చొరబడేవి. ఒకరోజు ఆమే మా స్టూడియోకు వచ్చింది. ఎదురుగా వింటే ఆమెది చాలా చిన్న గొంతు.

"నిన్న నేను సావుకబురు చదువుతాంటే మధ్యలో నీ నవ్వు ఇనపడిందంట నాయనా. ఆ ఇంటోళ్లు శానా బాధపడినారు."

సిగ్గుతో మాట మార్చాను. "మరి రేడియోలో యాల అట్ల అరుస్తావక్కా?"

"మీ నవ్వులు దాటి ఇనపడొద్దా మరి?"

అరిస్తే సిగ్నల్ పెరగదని చెప్పడానికి నాకు ముఖం చెల్లలేదు. ఆ సాయంత్రం ఆమె వార్తల వేళకు మా ట్రాన్స్‌మిటర్ ఆపేశాం. నేను వినపడలేదని ఒక్కరూ ఫోన్ చేయలేదు.