మీ జీతమెంత అని అడిగే ప్రూసాక్

వెండెల్ ప్రూసాక్‌కి మనిషి కనిపిస్తే చాలు, జీతమెంతో అడగాలి. పలకరింపులయ్యాక అడుగుతాడనుకునేరు. చాలాసార్లు ముందే అడిగేవాడు.

మా పిట్స్‌బర్గ్‌లో ఆపరేషన్ కుట్లయినా చూపిస్తారు గాని, జీతం మాత్రం కన్నతల్లికి కూడా చెప్పరు. అలాంటి ఊళ్లో ఈయన, పళ్ల డాక్టరు రెండు చేతులూ నోట్లో పెట్టి ఉండగానే "ఏఆఇకి ఎంఅ?" అన్నాడు. ఏడాదికి ఎంత అని. చర్చిలో శుక్రవారం చేపల విందులో ఫాదర్‌ని అడిగాడు. ఫాదర్ నవ్వి, "నా జీతం పైలోకంలో ఇస్తారు నాయనా" అంటే, "అది సరే ఫాదర్, ఈ లోకంలో?" అన్నాడు.

ఎవరైనా మొహం మాడ్చుకుంటే ఆయన చిన్నబుచ్చుకునేవాడు కాదు. వెంటనే తన జీతం, ఇంటి మీద అప్పు, చివరికి పెళ్లినాటి ఉంగరం వాయిదాలతో సహా గడగడా అప్పజెప్పేవాడు. వద్దన్నా వినక తప్పేది కాదు.

ఆయన మా విశ్వవిద్యాలయంలో ప్రజారోగ్యం పాఠాలు చెప్పేవాడు. నేను అదే విభాగంలో కొత్తవాళ్లను చేర్చుకునే బల్ల దగ్గర కూర్చునేవాణ్ణి. చేరాలనుకునేవాళ్లు వచ్చి చూసుకునే రోజున మా డీన్ మార్గో నన్ను పక్కకి పిలిచింది.

"కార్ల్, ఈసారి ఆయన్ని పిరోగీ కుడుముల బల్ల దగ్గర నిలబెట్టు. నోటినిండా తిండి ఉంటే మాట రాదు."

వచ్చింది. టెస్సా అనే అమ్మాయి ప్లేటు పట్టుకుని నిలబడగానే వచ్చింది.

టెస్సాది నది పక్కన, మిల్లులు మూతపడ్డ ఊరు. వాళ్ల అక్క కొడుకు రక్తంలో సీసం ఉందని తేలింది. పాత గొట్టాల నీళ్ల వల్లట. అప్పటినుంచి ఆ పిల్లకి ఈ చదువు తప్ప వేరే ధ్యాస లేదు. సీటు వచ్చింది. అప్పు కాగితం మీద సంతకం ఒక్కటే మిగిలింది.

"అప్పెంత?" అన్నాడు ప్రూసాక్.

"మీకెందుకండీ?"

"నా జీతం లక్షా పద్దెనిమిది వేల డాలర్లు. ఇంటి మీద ఇంకా అరవై వేలుంది. ఇప్పుడు చెప్పు."

టెస్సా బిత్తరపోయింది. "ఎనభై రెండు వేలు."

"చదివాక ఏమిస్తారు?"

"కౌంటీ ఆరోగ్య శాఖలో అయితే నలభై ఆరు వేలంటున్నారు."

"అంటే పన్నులు పోను నెలకి చేతికి మూడు వేలు. వాయిదా తొమ్మిదివందల యాభై, పదేళ్లపాటు. అద్దె?"

"పదకొండు వందలు. అయినా ప్రభుత్వ ఉద్యోగంలో పదేళ్లుంటే మిగిలింది మాఫీ చేస్తారటగా?"

"చేస్తారు. పదేళ్లూ ఉంటావా?"

"నాకేం తెలుసండీ! అయితే ఈ చదువు దండగంటారా?"

ప్రూసాక్ చేతిలో పిరోగీ కింద పెట్టేశాడు. నేనెప్పుడూ చూడని పని అది.

"ఎవరన్నారు? ఈ చదువు చదివినవాళ్లు లేకపోతే ఆ పిల్లాడి రక్తం ఎవరు పరీక్షించేవారు? చదువు మంచిది తల్లీ. మేం దానికి పెట్టిన ధరే బాగాలేదు. సంతకం పెట్టకు. సోమవారం నాతో రా."

నేను గబగబా అడ్డొచ్చాను. "ప్రొఫెసర్! ఆ సీటు నిండిందని రాసేశాను!"

"ఈ పిల్ల ఎక్కడికీ పోదులే, కాస్త ఆలస్యంగా వస్తుంది. అన్నట్టు కార్ల్, నీ జీతం పెంచారా?"

సోమవారం ఇద్దరూ పక్క కౌంటీ ఆరోగ్య శాఖకి వెళ్లారు. అక్కడ ఆరు నెలలు పనిచేసినవాళ్లకి చదువు ఫీజు కౌంటీయే కడుతుంది. ఆ సంగతి పెద్దగా ఎవరికీ తెలియదు. ప్రూసాక్‌కి మాత్రం తెలుసు. కిరాణా కొట్టు క్యూలో ముందు నిలబడ్డావిడని జీతమెంత అని అడిగితే, తిట్టాల్సినంత తిట్టి, ఆ తరవాత తను అక్కడే పనిచేస్తానని ఇదంతా చెప్పింది.

ఆఫీసులో ఆయన నోరు తెరవబోతుంటే టెస్సా ఆపింది. "మీరుండండి. నేనడుగుతాను." ఎర్రబడ్డ మొహంతో పైఅధికారిణిని సూటిగా అడిగింది. "జీతమెంతండీ? ఏడాదికి ఎన్ని సబ్జెక్టులకి ఫీజు కడతారు?"

ఇంటింటికీ తిరిగి నీళ్లు పరీక్షకి పట్టుకొచ్చే ఉద్యోగం. ముప్పై ఎనిమిది వేలు. సాయంత్రం మా దగ్గర క్లాసులు.

"డిగ్రీ చేతికొచ్చేసరికి అయిదేళ్లు పడుతుందేమో," అని బయటికొచ్చాక నీరసపడింది టెస్సా.

"అప్పుకి పదేళ్లు పట్టేది," అన్నాడు ప్రూసాక్.

ఈ కబురు విని మార్గో నిప్పులు చెరిగింది. "ఈ ఏడాది ఎంతమందిని తరిమాడీయన?"

నేను ఒక్కొక్కరికీ ఫోన్ చేసి కనుక్కున్నాను. తరిమినవాళ్లందరికీ ఎక్కడో ఒక దారి చూపించే పంపాడు. ఒక నర్సుకైతే, "నీకు లెక్క సరిపోతుంది, చదివాక జీతం బాగా పెరుగుతుంది, అప్పు చేసెయ్" అని తనే చెప్పాడట. ఆవిడ మా దగ్గరే చేరింది. అది విని మార్గో కాస్త చల్లబడింది.

అంతా కుదిరిందనుకుంటే, ఉద్యోగంలో చేరడానికి వారం ముందు టెస్సా దిగాలుగా వచ్చింది. ఆ కొండల మీది ఇళ్లకి బస్సుల్లేవు, సొంత కారు ఉండాలన్నారట.

"కారు కొనాలంటే మళ్లీ అప్పే కదండీ. మానేస్తాను."

ప్రూసాక్ జేబులోంచి తన కారు తాళాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"తీసుకెళ్లు. నాకిది శుద్ధ దండగ."

"మీరెలా వస్తారండీ?"

"బస్సులో. కారులో రోజూ నేనొక్కణ్ణే ఉంటాను. ఎవరిని అడగమంటావు చెప్పు? నా జీతం నాకు తెలిసిందేగా! బస్సులో నలభై మంది ఉంటారు."

టెస్సాకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. నేను కిటికీవైపు తిరిగి ముక్కు చీదుకున్నాను.

జనవరి మంచులో ఓ ఉదయం కిటికీలోంచి చూశాను. చెవులు కప్పే టోపీతో ప్రూసాక్ ఎదుటి స్టాపులో బస్సెక్కుతున్నాడు. తలుపులు మూసుకున్నాయి. బస్సు మాత్రం కదల్లేదు. వెనకాల కార్లు హారన్లు మోగిస్తున్నాయి. డ్రైవరు సీట్లోంచి పక్కకి తిరిగి, చేతి తొడుగు తీసి, వేళ్ల మీద ఏదో లెక్కపెట్టి చెబుతున్నాడు.