ఫోను గడప మీద కుంకుమ

నా భార్య ఫోనును అమ్మకానికి పెట్టినప్పుడు కొనే కంపెనీవాళ్ళు అడిగిన ప్రశ్నల్లో ఒకటి: ఈ ఫోనుకు ఎప్పుడైనా నీళ్ళు తగిలాయా? బ్యాంకు ఉద్యోగంలో జీవితమంతా నానా రకాల కాగితాల మీద "లేదు" అని రాసినవాణ్ణే గానీ, ఇంత గర్వంగా ఎన్నడూ రాయలేదు.

ఆమె ఫోను వాడే తీరు చూస్తే అదేదో అద్దెకు తెచ్చిన వస్తువనుకునేవారు. కొన్నప్పుడు దాని మీద ఉండే పల్చటి ప్లాస్టిక్ పొరను ఏడాదిపాటు ఊడనివ్వలేదు. అది తనంతట తాను ఊడిపోయిన రోజు మా ఇంట్లో చిన్నపాటి సంతాపసభ జరిగింది. చెయ్యి తడిగా ఉంటే ఫోను ముట్టుకునేదే కాదు. నేను బ్యాంకు నుంచి చేస్తే మోగి మోగి ఆగిపోయేది. తర్వాత ఎప్పుడో తీరిగ్గా తనే చేసి, "చేతులు తడండీ" అనేది. బియ్యం కడుగుతున్నా అదే, అంట్లు తోముతున్నా అదే, బట్టలు ఆరేస్తున్నా అదే. నా సంసారంలో నేను విన్న సంజాయిషీలన్నిట్లోకీ పొట్టిది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆమె చేతులు పొడిగా ఉండేది ఎప్పుడో నాకు తెలియదు.

ఆమె పోయిన ఏడాదికి సంవత్సరీకం పెట్టాం. చీరలు పంచేశాం. ఫోను మాత్రం బీరువాలో ఉండిపోయింది. నేను అప్పుడప్పుడు తీసి ఛార్జింగు పెట్టి, నిండాక ఆపి, మళ్ళీ బీరువాలో పెట్టేవాణ్ణి. ఎందుకని ఎవరైనా అడిగితే బ్యాటరీ పాడవకుండా అని చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. ఎవరూ అడగలేదు. మా అమ్మాయి మేం స్థిరపడ్డ ఈ బెంగాలీ ఊళ్ళోనే ఉద్యోగం చేస్తూ నాతోనే ఉంటుంది. ఒక ఆదివారం అది ఛార్జింగులో ఉన్న ఆ ఫోనును చూసింది, నన్ను చూసింది. సాయంత్రం వచ్చి పక్కన కూర్చుంది.

"నాన్నా, ఫొటోలన్నీ నా దగ్గర దాచేశాను. ఇంక దీన్ని పంపించేద్దాం. ఊరికే పడుంటే నీకూ మంచిది కాదు."

నాకు మంచిది కానివి చాలానే ఉన్నాయి, వాటిలో ఫోను చిన్నది. అయినా సరేనన్నాను. పాత ఫోన్లు పోస్టులో పంపితే కొనే కంపెనీ ఒకటి ఉందట, ఎక్కడో వేరే ఊళ్ళో. ముందు మనం అడిగినవాటికి జవాబులు చెబితే వాళ్ళు ఒక ధర చెబుతారు. ఫోను చేరాక పరీక్ష చేసి, అన్నీ మనం చెప్పినట్టే ఉంటే ఆ ధర ఇస్తారు. లేకపోతే తగ్గిస్తారు. మంచి ధరే చెప్పారు. సిమ్ము తీసేసి, మెత్తటి కవరులో పెట్టి, మా పోస్టాఫీసులో ఇచ్చి వచ్చాను. కౌంటరులో ఉన్నాయన బెంగాలీలో "పగిలే వస్తువా, దాదా?" అన్నాడు. వస్తువు కాదని చెప్పబోయి ఊరుకున్నాను.

కొన్నాళ్ళకు జవాబు వచ్చింది. ధర సగానికి సగం తగ్గించేశారు. కారణం: ఫోను లోపలికి నీళ్ళు వెళ్ళాయి. వాడినవారి అజాగ్రత్త.

కింద ఒక ఫొటో. సిమ్ము పెట్టే సన్నటి సందు లోపల, ఇలాంటి ఫోన్లలో ఒక చిన్న తెల్ల చుక్క అతికించి ఉంటుందట. తడి తగిలితే అది ఎర్రబడుతుంది. ఫొటోలో ఎర్రగా ఉంది. వాళ్ళకు అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. నాకు మాత్రం ఆ ఎరుపు ఎక్కడిదో చూడగానే తెలిసిపోయింది.

మా మామగారు షాలిమార్ రైల్వే గూడ్సు యార్డులో పనిచేసేవారు. ఈ ఊళ్ళో విశ్వకర్మ పూజ రోజున రిక్షా మొదలు రోడ్డురోలరు దాకా ప్రతి యంత్రానికీ దండ పడుతుంది. ఆయన యార్డులో సుత్తికీ స్పానరుకీ బొట్టు పెట్టి ఇంటికొచ్చి, ఇంట్లో కుట్టుమిషనుకు కూడా పెట్టేవారట. ఆ అలవాటు కూతురికి వచ్చింది. మిక్సీ, ఫ్రిజ్జు, వాషింగు మెషీను, ఆఖర్న ఫోను. మొదటిసారి చూసి నేను నవ్వాను.

"ఏటండీ, నవ్వుతారు?" అంది. "ఏడాదంతా చాకిరీ చేయించుకుని ఒక్క రోజు బొట్టెట్టడానికి మీకు సిగ్గేటి?"

"సిగ్గు కాదు. ఫోనుకు ఎక్కడ పెడతావు? అద్దం మీదా?"

"అద్దం మీద పెడితే మరకైపోదూ? గడపకి పెడతాను."

"ఫోనుకు గడపేమిటి?"

"సిమ్ము ఎటు నించి దూరతాదో అదే గడప. మనుషులందరూ అటు నించే గదా లోపలికొస్తారు!"

బ్యాంకు పరీక్షలన్నీ మొదటిసారే పాసైన నేను వెళ్ళి కుంకుమ భరిణె తెచ్చి ఇచ్చాను. కుంకుమ అంటుకోవడానికి మామూలుగా తడిపసుపు పెట్టి దాని మీద అద్దుతారు. ఆమె అలా చేయలేదు. కరెంటు వస్తువుకు తడి తగలకూడదని కొబ్బరినూనె చుక్క పెట్టి, దాని మీద కుంకుమ అద్దింది. ఏటేటా అదే పద్ధతి. ఆఖరి ఏడాది మంచం దిగడం తగ్గించేసింది. మిక్సీకీ, మిషనుకూ నాచేత పెట్టించి, అన్నీ వంకరేనని తేల్చింది. ఫోనుకు మాత్రం నన్ను పెట్టనివ్వలేదు. దిండుకు ఆనుకుని తనే పెట్టుకుంది. ఆ ఏడాది చలికాలం ఆమె దాటలేదు.

అదీ ఆ ఎరుపు. గడప మీద పెట్టింది సందులోంచి లోపలికి రాలి, తెల్ల చుక్క మీద కూర్చుంది.

"వదిలేయ్ నాన్నా," అంది అమ్మాయి. అదే మాట బెంగాలీలోనూ అంది: "ఛాడో నా. వాళ్ళిచ్చింది తీసుకుందాం."

"డబ్బు కాదమ్మా. అజాగ్రత్త అన్నారు."

"అమ్మ సంగతి వాళ్ళకేం తెలుసు?"

"తెలియదు కాబట్టే తెలియజేద్దాం."

"పోనీ వెనక్కి తెప్పించుకో. ఒప్పుకోకపోతే తిరిగి పంపేస్తారట. మన దగ్గరే ఉంటుంది."

"తెప్పించుకుంటే నీళ్ళు తగిలాయని ఒప్పుకున్నట్టే," అన్నాను. ఇంత తెలివైన మాట నేనన్నానని ఆ రోజంతా నాకు కొంచెం గొప్పగా కూడా ఉంది.

కంపెనీకి ఫోను చేశాను. ఎత్తిన అమ్మాయిది హిందీ, నాదీ హిందీయే అనుకుంటాను. కుంకుమ సంగతంతా చెప్పాను.

"సార్, చుక్క ఎర్రగా ఉంటే తడి తగిలినట్టే."

"కుంకుమ కూడా ఎర్రగానే ఉంటుందమ్మా."

"తెలుసు సార్. మా అమ్మ పెట్టుకుంటుంది."

"మరింకేం!"

"కానీ సార్, మా దగ్గర కారణాల్లో కుంకుమ లేదు. నీళ్ళున్నాయి, చెమట ఉంది, టీ, కాఫీ కూడా ఉన్నాయి."

"మా ఆవిడ ఫోనుతో టీ తాగేది కాదు."

ఆ పిల్ల నవ్వాపుకుంది. ఆపుకున్నది వినిపించింది. "సార్, ఆవిడే ఒకసారి మాట్లాడితే..." అని, నా వైపు నుంచి ఏమీ రాకపోయేసరికి, "సారీ సార్," అంది. తెలివైన పిల్ల.

ఆ వారం ఇదే ఊళ్ళోని ఏక్‌బాల్‌పూర్ వెళ్ళి మా బావమరిదికి చెప్పాను. అతను నా భార్య తమ్ముడు, ఓడల డాక్‌లో పనిచేస్తాడు. అతను వింటూ వింటూ కుర్చీలోంచి లేచిపోయాడు.

"నీల్లా? అక్కా? ఏటి బావా, ఆల్లకి మతుందా? అక్క చెయ్యి తడిగుంటే పక్కన పిడుగు పడ్డా ఫోనెత్తీది కాదు గదా! ఒదలకు బావా. ఎంతిస్తారని కాదు. ఆ మాట కొట్టించెయ్."

అసలే నాకు పట్టుదల. దానికి భార్య తరఫు బంధువుల మద్దతు. ఇంటికొచ్చి మళ్ళీ ఫోను చేశాను. ఈసారి ఊరికే వాదించలేదు. పరీక్ష ఎలా చేయాలో నేనే చెప్పాను.

"మీవాళ్ళను ఒక దూదిపుల్ల తీసుకోమనండి. ఆ చుక్క మీద మెల్లగా తుడవమనండి. తడి తగిలి ఎర్రబడిందయితే ఎంత తుడిచినా ఎర్రగానే ఉంటుంది. కింద తెల్లగా ఉంటే నేను చెప్పింది నిజం. మీరు తుడవండి, వీడియో తీయండి, నాకు పంపండి."

"మీరే తుడవమంటున్నారని రాసుకోమంటారా సార్?"

"రాసుకోండి. నేనే తుడవమంటున్నాను."

పైవాళ్ళను అడిగి చెబుతానంది. అడిగింది. ఒప్పుకున్నారు.

వీడియో ఒక మధ్యాహ్నం వచ్చింది. చాలా పొట్టిది. తెల్లని బల్ల, నీలం తొడుగులు వేసుకున్న రెండు చేతులు, మధ్యలో ఆమె ఫోను. దూదిపుల్ల సందులోకి వెళ్ళింది, ఒకసారి తిరిగింది, బయటికొచ్చింది. తెల్లగా వెళ్ళింది ఎర్రగా వచ్చింది. ఆ చేతులు దాన్ని కెమెరాకు దగ్గరగా పెట్టి చూపించాయి, సాక్ష్యానికి లోటు లేకుండా. తర్వాత సందు లోపలి చుక్క. మచ్చలేని తెలుపు. ఆ పిల్లో, పైవాళ్ళెవరో, కింద రాశారు: మీ అభ్యంతరం సరైనదే. నీళ్ళు తగిలిన ఆనవాలు లేదు. అజాగ్రత్త అన్న మాట తొలగించాం. పూర్తి ధర ఇస్తాం. అసౌకర్యానికి చింతిస్తున్నాం.

గెలిచాను. అమ్మాయికి వెంటనే పంపుదామని మళ్ళీ ఒకసారి పెట్టి చూశాను. దూదిపుల్ల వెళ్ళింది, తిరిగింది, వచ్చింది. ఈసారి పంపలేదు.

ఆమె పోయిన రోజు వచ్చిన ఆడవాళ్ళంతా నాకు చెప్పిన ఓదార్పు ఒక్కటే. పసుపు కుంకుమలతో వెళ్ళింది, పుణ్యాత్మురాలు. భర్త ఉండగా వెళ్ళడం ఎంత అదృష్టమో నాకు వరసగా వచ్చి వివరించారు. ఆ భర్త ఎదురుగానే కూర్చుని విన్నాడు. ఆ నుదుటి కుంకుమ ఆమెతో వెళ్ళింది. ఆమె వేలితో పెట్టింది ఈ లోకంలో ఇంకొకటి మిగిలి ఉందని నాకు ఫొటోతో సహా తెలియజేసింది ఆ కంపెనీయే. నేను ఫిర్యాదు పెట్టి, పైవాళ్ళదాకా వెళ్ళి, పద్ధతి కూడా చెప్పి, దాన్ని తుడిపించాను.

ఫోను చేశాను. అదే పిల్ల.

"కంగ్రాచ్యులేషన్స్ సార్!"

"అమ్మా, ఆ దూదిపుల్ల ఉందా?"

"ఏది సార్?"

"వీడియోలోది. తుడిచింది. దాన్ని ఒక కవరులో పెట్టి పంపగలరా? పోస్టు ఖర్చు నాదే."

ఈసారి నవ్వు ఆపుకుంటున్న చప్పుడు లేదు. "అడుగుతాను సార్," అంది. అడిగిందనే నా నమ్మకం. మర్నాడు తనే చేసింది. వాటిని ఏ రోజువి ఆ రోజే పారేస్తారట. "ముందే చెప్పుంటే తీసి పెట్టేదాన్ని సార్," అంది. ముందే తెలిసుంటే నేనూ చెప్పుండేవాణ్ణి.

ఫోను కూడా ఇంక తెప్పించుకోలేదు. పూర్తి ధరకు ఒప్పుకున్నాను.

ఆదివారం ఏక్‌బాల్‌పూర్ వెళ్ళాను. మా బావమరిది గుమ్మంలోనే అందుకున్నాడు. "ఏటైంది బావా? ఒప్పుకున్నారా?" అన్నాడు. మాట కొట్టేశారని చెప్పాను. "అద్గదీ!" అని తొడ చరిచాడు. వీడియో పెట్టి ఫోను చేతికిచ్చాను. అతను చదువు రానివాడు చదువుతున్నంత జాగ్రత్తగా చూశాడు. దూదిపుల్ల ఎర్రగా బయటికి రాగానే, "అక్కదే," అన్నాడు. వీడియో అయిపోయింది. అతను ఇంకా అద్దం వైపే చూస్తున్నాడు.

"తుడిపించేసేవేటి బావా?" అన్నాడు.

తప్పు పట్టినట్టు కాదు. ఆఖరి బస్సు వెళ్ళిపోయిందేటి అని స్టాపులో పక్కవాణ్ణి అడిగినట్టు అడిగాడు.

"ఆఁ," అన్నాను.

అతను ఫోను నాకిచ్చేశాడు. లోపల్నుంచి వాళ్ళావిడ, "అన్నయ్యగారూ, పులుసు దించీసేను, తినీసి ఎల్లండి," అని కేకేసింది. ఇద్దరం వెళ్ళి పీటల మీద కూర్చున్నాం. ఆవిడ వడ్డించింది. చేపల పులుసు బాగుందని చెప్పాను. మారు కూడా వేయించుకున్నాను.