వెనక్కి ఎక్కిన కొండ

ఆ రోజుల్లో మా రేపల్లె వైపు ఎత్తు అంటే కాలవ కట్ట. అంతకన్నా ఎత్తు కావాలంటే తెనాలి స్టేషన్లో ఒక ప్లాట్‌ఫారం మీంచి ఇంకో ప్లాట్‌ఫారానికి దాటించే వంతెన. ఆ పైన ఇంక ఆకాశమే. నీళ్ళకి కూడా ఎటు పోవాలో తోచక చేలో నిలబడి ఆలోచించుకునే ఊళ్ళు మావి. ఈ సంగతి నేనేం సిగ్గుపడుతూ చెప్పడం లేదు. మెట్ట నుంచి వచ్చినవాళ్ళు మమ్మల్ని చూసి, "మీరు కొండెక్కితే కళ్ళు తిరిగి పడతారు" అని నవ్వేవాళ్ళు. నవ్వుకోనివ్వండి. కొండల్లో పుట్టినవాడు కొండెక్కడంలో గొప్పేముంది? ఎక్కకపోతే ఇంటికెలా వెళ్తాడు? ఎత్తంటే ఏంటో తెలియకుండా, నిలవని గేరుతో, హ్యాండ్‌బ్రేకుకి టిఫిన్ క్యారియర్ తగిలించుకుని ఎక్కాం చూడండి, అదీ ఎక్కడం అంటే. పైగా మేం ఎక్కినట్టు ఆ కొండని ఇంకెవరూ ఎక్కలేదని నా నమ్మకం. (ఎవరైనా ఎక్కి ఉంటే దయచేసి నాకు చెప్పకండి.)

ఇదంతా మా అత్తయ్య వల్ల జరిగింది. మా నాన్నకి అక్క, బాపట్లలో ఆడపిల్లల హైస్కూల్లో సోషల్ టీచరు. తూర్పు కనుమలు, పడమటి కనుమలు, హిమాలయాలు అన్నీ బోర్డు మీద ఆవిడ చేతిలోంచే లేచేవి. హిమాలయాలకైతే సుద్దముక్కని అడ్డంగా తిప్పి మంచు కూడా వేసేది. ఇన్ని కొండలు లేపిన మనిషి జీవితంలో ఒక్క కొండా ఎక్కలేదు. చూడక కాదు, బెజవాడలో రైలు కిటికీలోంచి చూసింది. పక్కింటివాళ్ళు మొక్కులని మంగళగిరి మెట్లూ కోటప్పకొండ మెట్లూ ఎక్కి వచ్చి కాళ్ళకి కొబ్బరినూనె రాసుకునేవాళ్ళు. మాది లూథరన్ చర్చి కుటుంబం, మెట్ల మొక్కులు మాకు లేవు. మా చర్చికి ఉన్న నాలుగు మెట్లూ వానాకాలం నీళ్ళు లోపలికి రాకుండా కట్టుకున్నవి.

ఆ ఏడు వేసవి సెలవులు రెండు రోజుల్లో ఇస్తారనగా, వెనక బెంచీలోంచి ఓ పిల్ల లేచి, "టీచర్, కొండ ఎక్కుతుంటే ఊపిరి ఎలా ఉంటదండి?" అని అడిగిందట. అన్నేళ్ళుగా చెబుతున్న పాఠంలో ఆ ముక్క లేదు. "తొమ్మిదిలో కూడా మీకు నేనే. సెలవులయ్యాక చెప్తాను, కూర్చో" అంది. ఆ తొమ్మిదో తరగతి ఆవిడ చెప్పబోయే ఆఖరి తరగతి, ఆ పైన రిటైర్మెంటు. సమాధానం చెప్పకుండా దిగిపోవడం అత్తయ్య స్వభావంలో లేదు. మర్నాడే నాకు కబురొచ్చింది: "కారు తోలాలి, రా."

ఎక్కడికంటే నల్లమలకి. అత్తయ్య పాత శిష్యురాలొకామె ఫారెస్టు గార్డుని చేసుకుని అటువైపు కాపురానికి వెళ్ళింది. కావాలని వచ్చినవాళ్ళని ఆ గార్డు పొద్దున్నే అడవి బాటన కొండమీదికి నడిపించుకుని వెళ్తాడట. పైనుంచి చూస్తే కిందెక్కడో కృష్ణ కనిపిస్తుందట. (మా కాలవల్లోకి వచ్చేసరికి ఆ నీళ్ళ ముఖంలో కొండ దిగి వచ్చిన జాడే ఉండదు.) ఆ బాట మొదలయ్యే చోటుదాకా, అంటే కారు ఆగి కాళ్ళు మొదలయ్యే చోటుదాకా, మట్టి రోడ్డు ఉంది. ఎండ ముదరకముందే చేరాలి, ఆలస్యమైతే గార్డు పైకి తీసుకెళ్ళడు. షరతు అదొక్కటే.

మా మామయ్య తెనాలిలో ఓ ఆఫీసులో హెడ్ క్లర్కు. రోజూ బాపట్ల నుంచి రైల్లో వెళ్ళొచ్చేవాడు. రైలు పది నిమిషాలు ఆలస్యమైతే తన మీద కుట్ర జరిగిందనేవాడు. కొండ మాట వినగానే పడక్కుర్చీలోంచి లేచాడు.

"చర్చి మెట్లెక్కడానికే నీ మోకాళ్ళు మూలుగుతాయి. కొండెక్కుతావంటే?"

"మోకాళ్ళు నావండీ. కారు మీది. ఇస్తారా, నన్ను బస్సెక్కమంటారా?"

"నువ్వు అడవిలో పడిపోతే పాస్టరుగారికి నేనేం చెప్పుకోను?"

"పడితే లేస్తాను. లేవకపోతే అప్పుడు చెప్పుకుందురుగాని."

మామయ్య నా వైపు తిరిగాడు. "ఒరేయ్ అల్లుడూ, నువ్వైనా చెప్పరా!"

"చెప్తాను మామయ్యా. పొద్దున్నే బయల్దేరితే ఎండ తగలదండి" అన్నాను. ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. చివరికి, భార్యని ఒంటరిగా పంపాడన్న మాట సంఘంలో రాకూడదని, తను కూడా బయల్దేరాడు.

కారు గురించి చెప్పాలి. రైసు మిల్లున్న మామయ్యగారి అన్నయ్య వాడి వాడి వదిలేసిన పాత కారు. మేం దాన్ని పడవ అనేవాళ్ళం. మొదటి గేరు వేస్తే నాలుగు గజాలకి అదే బయటికి దూకేసేది. మా నేల మీద దాంతో పనేముంది, రెండులోనే కదిలేది. మామయ్య దృష్టిలో మొదటి గేరు తోడుపెళ్ళికొడుకు లాంటిది, ఉండాలి గానీ చెయ్యవలసిందేం లేదు. హ్యాండ్‌బ్రేకు సంగతి ముందే మనవి చేశాను. ఆపిన కారు ఆపినచోటే ఉండే దేశంలో అది క్యారియర్ తగిలించడానికే పనికొచ్చేది. ఆ కారులో రోజూ నమ్మకంగా పనిచేసే గేరు ఒక్కటే, రివర్సు. ఎందుకంటే నేను డ్రైవింగు నేర్చుకున్నది మా పక్కన నగరం అనే ఊరి దగ్గర కాలవ కట్ట మీద. కట్ట మీద ఒక్క బండికే దారి. ఎదురెదురు పడితే బరువున్నవాడు ముందుకి రావాలి, ఖాళీవాడు వెనక్కి పోవాలి. ఎవరూ రాసిపెట్టలేదు గానీ అది మా కట్టల చట్టం. కోతల రోజుల్లో గడ్డి బళ్ళు వరసగా వస్తుంటే నేను నగరం నుంచి ముందుకి వెళ్ళిన దూరం కన్నా వెనక్కి వెళ్ళిన దూరమే ఎక్కువ. మెడ వెనక్కి తిప్పి, ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, ఇటు కాలవ, అటు చేను, మధ్యలో నేను.

శిష్యురాలి ఇంట్లో ఆ రాత్రి పడుకుని, తెల్లారగానే కొండదారి పట్టాం. గార్డు అప్పటికే బాట మొదలు దగ్గరికి వెళ్ళిపోయాడు. కొండ మొదట్లో మామయ్య ఆనందానికి అంతులేదు. మా నల్లరేగడిలో రాయి కావాలంటే కొనుక్కోవాలి, ఇక్కడేమో దారి పొడుగునా ఊరికే పడి ఉన్నాయి. "ఆపు ఆపు! బట్టలుతకడానికి ఎంత బాగుందో చూడు" అని దిగి, ఓ పలకరాయి ఎత్తుకొచ్చి ఒళ్ళో పెట్టుకున్నాడు.

రెండు మలుపులయ్యాక దారి తల పైకెత్తింది. రోడ్డు అనడం దాన్ని గౌరవించడమే. వానకి కోసుకుపోయిన గాడీలు, వాటి మధ్య గుండ్రాళ్ళు, ఒక పక్క కొండ, రెండో పక్క ఏమీ లేదు. రెండో గేరు దగ్గి ఆగిపోయింది. మొదటిది వేశాను, దూకేసింది. మళ్ళీ వేసి, పక్కనున్న అత్తయ్యని గేరు రాడ్డుకి కొంగు చుట్టి గట్టిగా పట్టుకోమన్నాను. అత్తయ్యతో సహా దూకేసింది. కారు మెల్లగా వెనక్కి జారడం మొదలెట్టింది. మామయ్య కెవ్వుమని ఒళ్ళో రాయితో కిందికి దూకి, చక్రం వెనక దాన్ని పెట్టి, దాని మీద తనూ కూర్చున్నాడు.

"ఒరేయ్ అల్లుడూ, నాకేదైనా అయితే బాపట్లలో మా నాన్న సమాధి పక్కనే పెట్టండ్రా!"

"అలాగేనండి. కానీ అక్కడిదాకా తీసుకెళ్ళాలంటే ముందు ఈ కారు కదలాలి కదండీ" అన్నాను.

నాలుగైదుసార్లు ప్రయత్నించాం. ప్రతిసారీ నాలుగు గజాలు ముందుకి, మూడు గజాలు వెనక్కి, మధ్యలో మామయ్య రాయి పట్టుకుని పరుగు. సూర్యుడు మాత్రం ఏ గేరుతో పనిలేకుండా ఎక్కేస్తున్నాడు. చివరికి నేను ఓడిపోయాను. రోడ్డు కాస్త వెడల్పున్న చోట అటూ ఇటూ లాగి కారు ముక్కు కిందికి తిప్పాను. "ఎక్కండి అత్తయ్యా, ఇంటికి పోదాం."

అత్తయ్య ఎక్కలేదు. గొడుగు తెరిచింది. "మీరు పోండి నాన్నా. రోడ్డు ఉంది, కాళ్ళున్నాయి" అంది.

"బాట మొదలే ఇంకా చాలా దూరం అత్తయ్యా. అక్కడికి నడిస్తే ఇంక కొండెక్కడానికి ఏం మిగులుద్దండి?"

"ఏం మిగిలితే దాంతోనే ఎక్కుతా. ఆ పిల్లకి 'కారు రాలేదమ్మా, కొండ పుస్తకంలోనే చదువుకో' అని చెప్పనా?" అని, కుంటుతూ, వెనక్కి చూడకుండా మలుపు తిరిగిపోయింది. మామయ్య కారులో కూర్చుని, "పది అడుగులేసి తనే వస్తది చూడు" అన్నాడు. పది అడుగులు ఎప్పుడో అయిపోయాయి. నేనేమో అన్నీ తేలిగ్గా తీసుకునే మనిషిని, కానీ ఆ ఖాళీ మలుపు చూస్తుంటే ఒక్క జోకూ తట్టలేదు. దిగి వెనకాలే పరిగెత్తుదామని తలుపు మీద చెయ్యి వేశాను.

అప్పుడే కింద నుంచి హారన్ మోగింది. నీళ్ళ ట్యాంకరు లాగుతూ ట్రాక్టరు ఒకటి పైకి వస్తోంది. నిండు ట్యాంకరు, నీళ్ళు తొణుకుతున్నాయి. ఎదురుగా బరువుతో వస్తున్న బండి. నేను ఖాళీ. నా బుర్రని ఎవరూ అనుమతి అడగలేదు. చెయ్యి రివర్సు వేసింది, మెడ వెనక్కి తిరిగింది, కాలు నొక్కింది. నగరం కట్ట మీద గడ్డి బండికి దారిచ్చినట్టే, చక్కగా, మర్యాదగా వెనక్కి పోతున్నాను. "ఏమయ్యో! పక్కకి తియ్యమంటే పైకి పోతావేంది?" అని ట్రాక్టరువాడు అరుస్తున్నాడు. నాకు వినపడలేదు. వెనక్కి పోవడం ఒకసారి మొదలెడితే కట్ట దిగేదాకా ఆగకూడదు, అది కూడా మా చట్టమే. మలుపు తిరిగాను. వెనక అద్దంలో గొడుగు కనిపించింది. గొడుగు కింద, ఓ గుండ్రాయి మీద కూర్చుని మోకాళ్ళు పట్టుకున్న అత్తయ్య.

బ్రేకు మీద కాలేసి ఆలోచించాను. అత్తయ్య నడిచింది పైకి. మరి మేం అత్తయ్య దగ్గరికి ఎలా వచ్చాం?

"మామయ్యా, కారు ఎక్కుతోందండి!"

"ఎటు?" అన్నాడు మామయ్య కళ్ళు మూసుకునే.

అత్తయ్య డిక్కీ మీద గొడుగుతో కొట్టి, "వస్తావని తెలుసులేరా" అంటూ వెనక సీట్లో ఎక్కింది. నేను రావాలని రాలేదన్న మాట ఆవిడకి చెప్పలేదు. మళ్ళీ రివర్సు వేశాను. ఒక్కసారి కూడా దూకలేదు. గాడీలు ఎక్కింది, గుండ్రాళ్ళు ఎక్కింది, మూలుగుతూ ఎక్కింది. మేం వెనకవైపు ముందుగా, మా ముక్కుకి ముక్కు ఆనించినట్టు ట్రాక్టరు, అందులోంచి ఆపకుండా హారన్. "అత్తయ్యా, తల కాస్త పక్కకి పెట్టండి, రోడ్డు కనపడట్లేదు" అని నేను. "బండి తిప్పవయ్యో పిచ్చోడా!" అని ట్రాక్టరువాడు. "మా ఊళ్ళో ఇలాగే ఎక్కుతాం!" అని కిటికీలోంచి తల బయటపెట్టి మా మామయ్య! అవును, ఆయనే. ఆ అరుపుతో ఆయన భయం ఎటు పోయిందో, ఒళ్ళో రాయి మీద తాళం వెయ్యడం మొదలెట్టాడు.

కొండ ఎక్కేవాళ్ళందరికీ ఎదురుగా కొండే కనిపిస్తుంది. అత్తయ్యకి మాత్రం ముందు అద్దంలోంచి, ట్రాక్టరు టాపు మీదుగా, మేం వదిలి వచ్చిన నేలంతా కిందికి దిగిపోతూ వెడల్పవుతూ కనిపించింది. చెట్లు పొదలయ్యాయి, పొదలు మచ్చలయ్యాయి. "ఎత్తంటే ఇదా" అంది మెల్లగా, ఎవరితోనో.

బాట మొదలయ్యే చోట గార్డు మమ్మల్ని చూసి, కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. తర్వాత మర్యాదగా అడిగాడు: "టీచరుగారూ, తమరు వస్తున్నారా, పోతున్నారా అండి?"

"వచ్చాం. ఎండ ముదిరిందా?"

ఆయన ఆకాశం చూశాడు, అత్తయ్య మోకాళ్ళు చూశాడు, ముఖం చూశాడు. "ముదరలేదండి" అన్నాడు. (ముదిరింది.)

అత్తయ్య ఎక్కింది. కూర్చుంటూ, లేస్తూ, మామయ్య భుజం పట్టుకుని, ఆయన ఆపదలన్నీ వరసగా వింటూ ఎక్కింది. పైన బండ మీద కూలబడ్డాక, కింద లోతులో కృష్ణ సన్నగా మెరుస్తుంటే, నేను అడిగాను: "ఊపిరి ఎలా ఉందండి అత్తయ్యా?" ఆవిడ చెప్పబోయింది, మాట రాలేదు. మళ్ళీ చెప్పబోయింది, రాలేదు. చివరికి నవ్వి, నా చెయ్యి తీసి తన గుండె మీద పెట్టుకుంది. బడి తెరిచిన రోజున ఆ వెనక బెంచీ పిల్లని పిలిచి, స్కూలు చుట్టూ పరిగెత్తించి, ఆగాక, "ఇలాగే ఉంటదమ్మా. కానీ అక్కడ ఆగబుద్ధి కాదు" అని చెప్పిందట.

ఇప్పుడు ఆ దారికి తారు పడింది. నాకూ మొదటి గేరు నిలిచే కారుంది, దాని హ్యాండ్‌బ్రేకుకి క్యారియర్ తగిలించే వీలు కూడా లేదు. మొన్న వేసవిలో అత్తయ్యనీ మామయ్యనీ ఎక్కించుకుని బుద్ధిమంతుడిలా ముందుకి ఎక్కుతున్నాను. సగం దారిలో వెనక సీట్లోంచి అత్తయ్య గొడుగుతో నా భుజం పొడిచింది.

"ఏంట్రా ఇది? ఎదర కొండ తప్ప ఏం కనపడుద్ది? తిప్పు."

"అత్తయ్యా, వెనక బళ్ళొస్తున్నాయండి."

"రానీ. మా ఊళ్ళో ఇలాగే ఎక్కుతామని మీ మామయ్య చెప్తాడు."

మామయ్య అప్పటికే కిటికీ అద్దం దించుతున్నాడు. నేను కారు తిప్పి, రివర్సు వేసి, మెడ వెనక్కి తిప్పాను. సగమే తిరిగింది, కలుక్కుమంది. నగరం కట్ట మీద ఈ మెడ వెనక్కి తిరిగి ఉన్నంతసేపు ముందుకి తిరిగి ఉండేదే కాదు. మిగతా సగం అద్దంలో చూసుకుంటూ, కిందనుంచి మోగుతున్న హారన్లన్నిటికీ ఎదురుగా, మర్యాదగా ఎక్కాను.