మసి పట్టిన జెట్టు విమానం

నిర్మల్‌లో మా ఇంటి వాకిట్లో ఎప్పుడూ పొణికి చెక్క పొట్టు ఎగురుతుండేది. మా నాయన బాపు, ఆయన అన్నగారు పెద్దబాపు కలిసి బొమ్మలు చేసేవాళ్లు. సీతాఫలాలు, చిలుకలు, జింకలు. చెక్కడమూ చివరి రంగులు వేయడమూ మగవాళ్ల పని. చింతగింజలు నానబెట్టి రుబ్బి జిగురు ఉడికించడం, బొమ్మకు సుద్ద పూసి ఆరాక నున్నగా రుద్దడం ఆడవాళ్ల పని. ఉలి మా చేతికి వచ్చేది కాదు.

నేను అప్పటికి అత్తగారిల్లు వదిలి వచ్చేశాను. అక్కడ కొట్టేవాళ్లు. ఒకనాడు బస్సెక్కి పుట్టింటికి వచ్చి, ఇక పోనని చెప్పాను. బాపు నన్ను వెళ్లగొట్టలేదు కానీ మాటలు తగ్గించాడు. ఆయనకు అంతకన్నా పెద్ద కోపం అన్న మీద. పనంతా నేర్చుకున్న ఒక్కగానొక్క కొడుకు చెప్పకుండా హైదరాబాదుకు పోయి విమానదళంలో మెకానిక్‌గా చేరాడు. అప్పటి నుంచి ఇంట్లో అన్న పేరెత్తితే బాపు లేచి బయటికి నడిచేవాడు.

పాకిస్తాన్‌తో యుద్ధం ఆగిన కొన్నాళ్లకు అన్న సెలవు మీద వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. ముంజేతి మీద కాలిన మచ్చ ఉంది. బాపు చూసి తల తిప్పుకున్నాడు. పెద్దబాపు మాత్రం పనివాళ్లందరి ముందూ అడిగాడు.

"ఏం రా, విమానం నువ్వే నడుపుతవా?"

"లేదు పెద్దబాపు. దిగినంక నేను బాగుచేస్త. మళ్ల ఎగిరేటట్టు చేస్త."

"అంటే కడుగుతవన్నట్టు! బర్రెలను కడిగినట్టు!"

అందరూ నవ్వారు. అన్న కూడా నవ్వినట్టే పెదవి కదిపి, వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నేను చిలుకకు సుద్ద రుద్దుతున్నాను. నాకు వాళ్ల నవ్వు కంటే అన్న ఊరుకోవడమే ఎక్కువ బాధనిపించింది.

"అన్న, మీ విమానాలు మస్తు మెరుస్తయా?" అని అడిగాను.

"ఒకప్పుడు మెరిసేటియి. వెండి తీరుగ. యుద్ధం రాంగనే పైకెల్లి కనబడొద్దని పచ్చరంగు కొట్టినం. బ్రష్షు దొరికినోడు బ్రష్షుతోని, లేనోడు గుడ్డతోని. రాత్రికి రాత్రి కొడితే ఎన్నొద్దులుంటది? మేం కాలు పెట్టి ఎక్కేకాడ అరిగి, లోపలి వెండి బయటవడ్డది."

బొగ్గుముక్కతో నేల మీద బొమ్మ గీశాడు. ముక్కు కింద తుపాకులు పేలేచోట మసి. వెనక పొగగొట్టం చుట్టూ కమిలిన రంగు. కడుపు కింద నూనె కారిన చారలు. ఒక్కొక్క మరక చూపిస్తుంటే అన్న ముఖంలో ప్రాణం వచ్చింది. సెలవు అయిపోయి అన్న వెళ్లేరోజు కూడా బాపు గుమ్మం దాకా రాలేదు.

ఆ మర్నాడే నేను మూలన పడేసిన పొణికి ముక్క ఒకటి ఏరుకుని, బాపు చిన్న ఉలి తీసుకుని వంటింటి వెనక కూర్చున్నాను. మోచేతి పొడుగు విమానం అనుకున్నాను. ఒళ్లు సులువుగానే వచ్చింది, పొణికి మెత్తన కదా. రెక్కలే ఏడిపించాయి. పలుచగా చెక్కితే నార వెంట విరిగిపోయాయి. జిగురులో రంపపు పొట్టు కలిపి అతికించి, మళ్లీ అరగదీశాను. పాత సైకిల్ చక్రపు పుల్లలు విరిచి కాళ్లు, చెక్క బిళ్లలతో చక్రాలు పెట్టాను. అవ్వ, అంటే మా అమ్మ, చూసింది. చూసి, బాపు వస్తుంటే గట్టిగా దగ్గడం మొదలుపెట్టింది. ఆ దగ్గు వినగానే నేను ఉలి దాచేదాన్ని.

సుద్ద పూసి రుద్దాక వెండిరంగు వేశాను. ఆరాక దాని మీద పచ్చరంగు, అన్న చెప్పినట్టే తొందర తొందరగా, కుంచె గీతలు కనబడేలా కొట్టాను. రెక్క మొదట్లో గరుకు గుడ్డతో రుద్దితే అడుగున వెండి తొంగిచూసింది. రేకుల అతుకుల కోసం సూదితో గీతలు గీసి, వాటిలో మసి నింపి పైన తుడిచేశాను. అక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత ఉత్సాహం పట్టలేక దీపం మసి ఒళ్లంతా పులిమేశాను.

అవ్వ వచ్చి చూసి, "ఇదేంది బిడ్డ, పొయ్యిలకెల్లి తీసినట్టున్నది?" అంది.

నిజమే. అది ఎగిరి వచ్చిన విమానంలా లేదు, కాలిపోయిన కట్టెలా ఉంది. మొత్తం కడిగి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి వేలి కొసతో కొంచెం మసి తీసుకుని, తుపాకుల దగ్గర మొదలుపెట్టి వెనక్కి లాగాను. గాలి ఎటు పోతుందో మసీ అటే పోవాలని అప్పుడు తెలిసింది. కడుపు కింద అవిసె నూనెలో గోధుమరంగు కలిపి సన్నని చారలు తీశాను. జల్లించిన దుమ్ము చక్రాలకు అద్దాను. ఎత్తి ఎండలో పట్టుకుంటే, ఎక్కడికో పోయి, ఏదో చూసి, తిరిగొచ్చినట్టు ఉంది.

దాన్ని తీసుకెళ్లి వాకిట్లో చిలుకల మధ్య పెట్టాను. దాచిపెట్టాలనిపించలేదు.

బాపు ముందు ఉలి సంగతి అడిగాడు. "నేనే తీసుకున్న" అన్నాను. ఆయన విమానాన్ని తిప్పి తిప్పి చూసి కింద పెట్టాడు. సలహా చెప్పింది పెద్దబాపు. ఆ వారమే ఊళ్లో బొమ్మల ప్రదర్శన ఉంది, ఆదిలాబాదు నుంచి పెద్ద అధికారి వస్తున్నాడు.

"కొత్తగనే ఉన్నది. గా మసి కడిగి, ఎర్రగ పసుప్పచ్చగ రంగేసి వార్నిష్ కొట్టు. మంది ఎగవడి కొంటరు."

"కడగ."

"ఏమన్నవ్?"

"కడగనన్న పెద్దబాపు. గా మసి, గా నూనె మరకలే అన్న చేసే పని. అవి తీసేస్తే ఇగ దాంట్ల అన్న ఏడున్నడు?"

చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో బాపు ముందు అన్న పేరు పైకి వచ్చింది. బాపు లేచి బయటికి నడుస్తాడనుకున్నాను. లేవలేదు. చేతిలోని జింక కాలును చెక్కుతూనే ఉన్నాడు.

ప్రదర్శన రోజు నేనే విమానాన్ని కొంగులో చుట్టుకుని పోయి మా బల్ల చివర పెట్టాను. పెద్దబాపు దాన్ని తీసి బల్ల కిందికి తోశాడు. నేను తీసి పైన పెట్టాను. ఆయన మళ్లీ తోశాడు, నేను మళ్లీ పెట్టాను. మొగుణ్ని వదిలి వచ్చినదానికి ఇంత పొగరా అని ఎవరో నాకు వినబడేలాగే అన్నారు. విన్నాను, జరగలేదు. సాయంత్రం దాకా ఆ బల్ల పక్కనే నిలబడ్డాను.

అధికారి భార్య చిలుకలన్నీ చూస్తూ వచ్చి విమానం దగ్గర ఆగింది. "ఇదొక్కటే మురికిగా ఉందేమిటి?" అని అడిగింది.

"యుద్ధం నుంచి వచ్చిందమ్మ. దాన్ని మా అన్న బాగుచేసి మళ్ల పైకి పంపిండు."

"అమ్ముతావా?"

"అమ్మనమ్మ."

పెద్దబాపు నెత్తి పట్టుకున్నాడు. ఆమె ఒక చిలుకను కొనుక్కుని వెళ్లిపోయింది. మెచ్చుకున్నవాళ్లెవరూ లేరు. కాలిపోయిన విమానం అని పిల్లలు నవ్వారు. ఆ రాత్రి బాపు తన ఉలులన్నీ పెట్టెలో పెట్టి తాళం వేశాడు. తెల్లారి నేను కమ్మరి దగ్గరికి పోయి నా చేతికి సరిపడే ఉలి చేయించుకున్నాను.

ఎండలు ముదిరాక అన్న మళ్లీ వచ్చాడు. విమానాన్ని రెండు చేతులా పట్టుకుని, రెక్క మొదట్లో వెండి బయటపడ్డ చోటును బొటనవేలితో తడిమాడు. తర్వాత బోర్లించి చూసి పకపకా నవ్వాడు.

"చెల్లె, నూనె అంత వెనక్కే పోయినట్టు గీసినవ్. ఎగిరినప్పుడు వెనక్కి పారుతది. నిలవడ్డప్పుడు కిందికి కారుతది గద! రెండు తీర్ల మరకలుండాలె."

కుంచె అడిగి తీసుకుని, కడుపు కింద బొట్లు పెట్టబోయాడు. ఇన్నేళ్లు బోల్టులు బిగించే పానాలు పట్టిన చెయ్యి, కుంచెనూ పిడికిట్లోనే పట్టుకుంది. వాకిలి అవతల నుంచి బాపు చూస్తున్నాడు. లేచి వచ్చాడు. అన్న చేతిలోంచి కుంచె లాక్కున్నాడు.

"గట్లనా కుంచె పట్టేది? ఏడ కారుతది, చూపెట్టు."

అన్న వేలితో చూపించాడు. బాపు కింద కూర్చుని, ఊపిరి బిగబట్టి, ఒక్క బొట్టు పెట్టాడు. "ఇంకేడ?" అన్నాడు. అన్న మళ్లీ చూపించాడు.

నేను నా ఉలి, ఇంకో పొణికి ముక్క తెచ్చుకుని, మగవాళ్లు కూర్చునే వైపు వాళ్ల పక్కనే కూర్చుని చెక్కడం మొదలుపెట్టాను. పెద్దబాపు చూశాడు, బాపూ చూశాడు. ఎవరూ లెమ్మనలేదు. లెమ్మన్నా లేచేదాన్ని కాదు.