మస్తాన్ బాబాయ్ పాతిన కర్రలు

ఒక మాట ఇన్నేళ్లుగా నా లోపల అరగకుండా ఉండిపోయింది. ఇవాళ మీకు చెబుతున్నాను. జాలి పడమని కాదు. క్షమించమని అసలే కాదు.

తొంభైల చివర్లో నేను చీరాల దగ్గర ఒక పల్లెలో టీచర్ని. ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఒక్కదాన్నే నడకకు బయల్దేరేదాన్ని. జీడిమామిడి తోటలోంచి, మిరపచేల గట్ల మీదుగా, చిత్తడి దాటి సముద్రం దాకా. పెళ్లికాని టీచరమ్మకి కాళ్ల తీట అని ఊళ్లో నవ్వుకునేవాళ్లు. నవ్వుకోనీ. వారమంతా బడిలో పిల్లల గోల, ఇంట్లో వదిన సాధింపు. తోటలో జీడిపూత వాసన, చేలో ఎర్రబడుతున్న కాయలు, చిత్తడిలో కొంగలు. నాది అనిపించే చోటు అదొక్కటే.

చిత్తడిలో అడుగు తప్పితే ఊబి. అందుకే ఏటా వానలు వెనకబట్టాక, ఊళ్లో గేదెలు మేపుకునే ముసలాయన మస్తాన్ బాబాయ్ ముందుగా తన గేదెల్ని అందులోకి తోలేవాడు. అవి దిగబడకుండా నిలబడ్డ చోటల్లా కర్ర పాతి, పాత లుంగీ పీలిక కట్టేవాడు. ఊరంతా ఆ పీలికల్ని నమ్మే నడిచేది.

ఆ ఏడు రొయ్యల చెరువుల ఆసామి ఒకాయన చిత్తడంతా కొనడానికి వచ్చాడు. కంచె వేస్తాడట, ఇక దారి ఉండదట. బాబాయ్ అప్పుడే కొత్త కర్రలు పాతాడు. మర్నాడు పొద్దున్నే ఆసామి తానే నడిచి చూస్తాడని విన్నాను. ఆయనకంటే ముందే వెళ్లాను. కర్రలు పీకి ఊబి వైపు పాతాను. మోకాళ్ల దాకా దిగబడి, విసుక్కుని పోతాడనుకున్నాను. ఛాతీ దాకా దిగాడు. కలుపుకు వెళ్తున్న ఆడవాళ్లు చీరలు ముడేసి లాగారు. చచ్చి బతికాడు. మళ్లీ మా ఊరి ముఖం చూడలేదు.

ఆ ఆడవాళ్లే ముందొచ్చి ఉంటే? ఆ పొద్దున నాకా ఆలోచనే రాలేదు. ఊరి కోసం చేశానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. నా నడక కోసం చేశాను. అయితే ఏం? దారి మిగిలింది. ఆసామి విషయంలో నేను సిగ్గుపడను.

కానీ ఊరు బాబాయ్ మీద పడింది. ముసలాడికి చూపు మందగించింది, మనిషి ప్రాణం తీసేవాడే అన్నారు. ఆ సాయంత్రం ఆయన మా అరుగు మీద కూలబడ్డాడు.

"చదువుకున్నదానివి, నువ్వైనా నిజం చెప్పమ్మా. గేదె నిలబడ్డ చోటే పాతాను గదా. నా కళ్లు పోయినట్టేనా?"

"వయసైంది గదా బాబాయ్. ఇకనుంచి వేరేవాళ్లని పాతనీ."

అంతే అన్నాను. గొంతు కూడా తడబడలేదు. ఎందుకన్నాను? ఉద్యోగం పోతుందనా, ఊరు వెలేస్తుందనా? ఏమో, ఆ క్షణంలో ఆ అబద్ధం నోటికి అంత తేలిగ్గా వచ్చింది, అదే నన్ను ఇప్పటికీ భయపెడుతుంది.

ఆయన నమ్మాడు. గేదెల్ని అమ్మేశాడు. కళ్లు శుభ్రంగా కనిపించే మనిషి, సొంత పెరట్లో గోడ తడుముకుంటూ నడవడం మొదలుపెట్టాడు. అలాగే పోయాడు. నేను మాత్రం ఆదివారాలు నడుస్తూనే ఉన్నాను.

తిట్టుకునేవాళ్లు తిట్టుకోండి. కర్రలు మార్చింది నేను. మస్తాన్ బాబాయ్ కళ్లు బాగానే ఉండేవి. అమ్మయ్య, అనేశాను.