అప్‌డేటుకు ఐదు బొట్టుబిళ్లలు

డిగ్రీ సీటు కావాలంటే కాలేజీ మెట్ల కంటే ముందు నెట్ సెంటర్ మెట్లు ఎక్కాలని వనపర్తి పిల్లలకు అప్పుడప్పుడే తెలిసివస్తున్న కాలం అది. నాకు ఇరవై ఆరేళ్లు. చదువు నాలుగో తరగతి (దసరా సెలవులిచ్చాక మళ్లీ బడి మొహం చూడలేదు కాబట్టి మూడున్నర అనుకోండి). తెలుగైతే కూడబలుక్కుని చదువుతాను. ఇంగ్లీషులో అంకెలు వస్తాయి, అక్షరాలు రావు. అలాంటిదాన్ని, లినక్సు కంప్యూటర్‌ను ఏ పద్ధతిలో అప్‌డేట్ చేస్తే మంచిదో నేనే తేల్చవలసి వచ్చింది. ఆ మూడు రోజుల ఏడుపు ఇప్పుడు చెప్తుంటే వినేవాళ్లు నవ్వుతారు, నేనూ నవ్వుతాను. అప్పుడు మాత్రం ఆ కంప్యూటర్ టేబుల్ మీద తల వాల్చి ఇక లేవకుండా అట్లాగే ఉండిపోదామనిపించింది.

బస్టాండు పక్క సందులో మా ఆయన నెట్ సెంటర్ పెట్టాడు. ఒక కంప్యూటర్, ఒక ప్రింటర్, ఒక జిరాక్స్ మిషను. వచ్చిన ప్రతివాడూ తన పెన్‌డ్రైవు పెట్టేవాడు, వారానికోసారి కంప్యూటర్‌కు వైరస్ పట్టేది. ఆయన దోస్తు ఒకాయన ఉండేవాడు, కాలేజీ ల్యాబులో పనిచేసే కళ్లద్దాల సారు. ఆయన వచ్చి పాతదంతా తుడిచేసి, వైరస్‌లు అంత సులువుగా పట్టని లినక్సు వేసిపెట్టాడు. ఆ తర్వాత వైరస్ రాలేదు. జ్వరం మాత్రం వచ్చింది, కంప్యూటర్‌కు కాదు, మా ఆయనకు. దవాఖానకు తన కాళ్లతో నడుచుకుంటూ పోయిన మనిషి తిరిగి నడుచుకుంటూ రాలేదు.

దినాలు అయిపోయిన మర్నాడే ఇంట్లో షాపు సంగతి వచ్చింది. మా మరిది, "వదినెకు ఏబీసీడీలే రావు, ఆమె కంప్యూటరేం నడుపుతది? నాకిస్తే సెల్‌ఫోన్ల దుకాణం పెట్టుకుంట" అన్నాడు. మా అత్త తొందరపడే మనిషి కాదు. అతని మాట పూర్తిగా విని తీర్పు చెప్పింది. "ఈ సీట్ల దరఖాస్తులు అయిపోయేదాంక జూద్దం. నడిపిందా, తాళంచెవి దాని దగ్గర్నే ఉంటది. నడపలేదా, మరిదికి ఇస్తది." ఇచ్చేస్తే నాకు మిగిలేది శ్రీరంగాపూర్ వైపు పల్లిచేలల్లో కూలిపని. కూలిపనికి నామోషీ ఏమీ లేదు, పెళ్లికి ముందు చేసిందే. కానీ ఆ షాపులో ఆయన కూర్చున్న కుర్చీ ఉంది. దాన్ని ఇంకొకరికి ఇవ్వడానికి నాకు మనసు రాలేదు.

నడపడం మొదట్లో కష్టమనిపించలేదు. దరఖాస్తులు పిల్లలే నింపుకునేవారు, నేను ప్రింటు తీసి ఇచ్చేదాన్ని. నాలుగు రోజులు బాగానే గడిచాక ఒక పొద్దున దరఖాస్తుల సైటు తెరుచుకోవడం మానేసింది. కుర్చీలో కూర్చున్న పిల్ల తెర మీద ఉన్నది చదివి, "అక్కా, మీ బ్రౌజర్ పాతదైందట. అప్‌డేట్ చేస్తెనే వస్తదట" అంది. ఎలా చేయాలని అడిగితే, "మా ఇంట్ల ఉన్నది ఇసొంటిది గాదక్కా, నాకు తెల్వదు" అని కాగితాలు సర్దుకుని ఎదురుగా ఉన్న ఇంకో నెట్ షాపుకు పోయింది.

కళ్లద్దాల సారును పిలిపించాను. ఆయన కాలేజీకి పోయే హడావుడిలో నిలబడే చెప్పాడు. "చెల్లె, దీనికి మూడు దార్లున్నయి. మూలకు డాలు బొమ్మ ఉంది జూడు, అదొకటి. సంచి బొమ్మ ఉంటది, అదొకటి. నల్ల తెర తెరిచి టైపు కొట్టేది మూడోది, మీ ఆయన అదే కొట్టేటోడు. నీకు డాలు బొమ్మ సులువు. దాన్ని నొక్కితె రెండు బటన్లొస్తయి. ఒకటి అవునని, ఒకటి వద్దని. అవునన్నది నొక్కు, గంతే."

ఏది అవునో అడిగేలోపు సందు దాటి వెళ్లిపోయాడు. పోతే పోయాడు, అందులో అడిగేదేముంది అనుకున్నాను. రెండింటిలో ఒకటి ఎంచుకోవలసి వస్తే మా ఇళ్లల్లో ఆలోచించే పనే లేదు. అడుగు పెడితే కుడికాలు, ఇస్తే కుడిచెయ్యి, మంచి పని ఏదైనా కుడివైపు నుంచే. కుడిది నొక్కాను. బటన్లున్న ఆ డబ్బా తెర మీద నుంచి టక్కున మాయమైంది. ఇంత తొందరగా అయిపోయే పనికి సారు ఎందుకంత పరేషాన్ అయ్యాడా అని మురిసిపోయాను. సైటు తెరిస్తే రాలేదు. మళ్లీ డాలు, మళ్లీ కుడివైపు, మళ్లీ మాయం. సాయంత్రం ఇంటికి పోతూ సారు తొంగిచూసి, "కుడిది క్యాన్సిల్ గదా చెల్లె" అన్నాడు. పొద్దుటి నుంచి ఆ కంప్యూటర్ చేసిపెడతానంటుంటే నేను వద్దు వద్దని చెప్తూ వచ్చానన్నమాట.

రెండో రోజు పట్టుదలగా ఎడమ నేర్చుకుని వచ్చాను. డాలు నా చేతికి అచ్చిరాలేదని సంచి బొమ్మ తెరిచాను. అందులో వద్దనేది ఎడమవైపు ఉందట. ఆ రోజు కూడా పోయింది. పిల్లలు మా మెట్ల దాకా వచ్చి, లోపలికి చూసి, ఎదురు షాపుకు దాటుకుంటున్నారు. మా మరిది మోటారు సైకిల్ మీద పోతూ ఆగాడు. "ఏంది వదినె, గిరాకీ అంత అటు పోతుంది? నువ్వు ఉత్తగ ఫ్యాను కింద కూసున్నవా?" నేను ప్రింటరు మీది దుమ్ము తుడుస్తూ కూర్చున్నాను.

మా ఆయన మీద కోపం వచ్చింది. పోయిన మనిషి మీద కోపం తెచ్చుకోకూడదు అంటారు గాని, నన్ను ఆ మిషను ముందు కూర్చోబెట్టి పోయింది ఆయనే కదా. ఆయన పని చేస్తున్నప్పుడు నేను టీ తెచ్చి పక్కన నిలబడేదాన్ని. నల్ల తెర తెరిచేవాడు, ఏదో కొట్టేవాడు, ఎప్పుడు చూసినా అదే కొట్టేవాడు. అప్పుడు తట్టింది. బొమ్మలవాటికి రోజుకో మొహం, ప్రతిదీ చదివి జవాబు చెప్పమంటాయి. నల్లదానికి ఒకటే మొహం. ఆ సాయంత్రం సారు రాగానే, "అన్నా, నాకా నల్లదే చెప్పు" అన్నాను.

"అండ్ల మొత్తం ఇంగ్లీషే ఉంటది గదా చెల్లె."

"చదవాల్నా, కొట్టాల్నా?"

"కొట్టాలె."

"చదవకుండ కొడితె ఊకుంటదా?"

సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "దానికేమెర్క నువ్వు చదివినవో లేదో" అన్నాడు. కూర్చుని, మా ఆయన కొట్టే పొడుగు పొడుగు లైన్లన్నింటినీ ఐదక్షరాల మాటకు కట్టేశాడు. ఆ ఐదూ కొడితే మిగతాదంతా అదే చూసుకుంటుంది, అవునా కాదా అని అడగదు. తర్వాత పాస్‌వర్డు అడుగుతుంది, అది షట్టరు మీద రాసిన షాపు నంబరే. అంకెలు నాకొచ్చు.

ఇక ఆ ఐదు అక్షరాలు గుర్తుండడమెలా? దినం రోజు నా గాజులు తీసేసి, కుంకుమ భరిణె దాచేసిన ఆడవాళ్లు నా చేతిసంచి లోపలి అర చూడలేదు. అందులో బొట్టుబిళ్లల అట్ట ఒకటి ఉండిపోయింది. (నేను చెప్తుంటే ఇదంతా రాస్తున్న మా చెల్లెలి కూతురు ఇక్కడ ఆగి, "పెద్దమ్మా, గిది గూడ రాయాల్నా?" అంటోంది. రాయమన్నాను.) ఆ అట్ట మీద పెద్దబిళ్ల నుంచి ఆవగింజంత బిళ్ల దాకా అన్ని సైజులూ ఉన్నాయి. మూడో రోజు పొద్దున సారు రాసిచ్చిన కాగితం పక్కన పెట్టుకుని, ఆకారాలు పోల్చుకుంటూ, మొదట కొట్టే బటన్‌కు అన్నింటికంటే పెద్దది, ఆఖరుదానికి అన్నింటికంటే చిన్నది అతికించాను.

ఐదూ కొట్టాను. పాస్‌వర్డు దగ్గర ఆగింది. ఒక అంకె నొక్కాను, తెర మీద ఏమీ పడలేదు. ఇంకొకటి నొక్కాను, లేదు. పొద్దున్నే నేను ఎదురైతే మొహం తిప్పుకుపోయేవాళ్లను అప్పటికి చాలామందిని చూశాను, ఇదీ ఆ జాతిదే అనుకున్నాను. (పాస్‌వర్డు కొడుతుంటే అందులో ఎవరికీ కనబడదని, అది దాని పద్ధతని, చెప్పడం సారు మరిచిపోయాడు.) చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. సరిగ్గా అప్పుడే మా అత్త, వెనకాల మా మరిది మెట్లెక్కి వచ్చారు.

అత్త చూపు నా మీద పడలేదు, టేబుల్ మీది అట్ట మీద పడింది.

"గిదేంది?"

"బొట్టుబిళ్లలత్తమ్మా."

"అది నాకు కనవడుతనే ఉంది. ఎవలకు?"

"నేను జెప్పలేదా అమ్మా" అన్నాడు మరిది. "షాపు పేరు జెప్పి సోకులు జేస్తుంది."

కీబోర్డు ఎత్తి ఆమె ముందు పెట్టాను. అత్త వంగి చూసింది. ఒక్కో బిళ్ల మీద వేలు పెట్టి లెక్కపెట్టింది.

"దీనికి పెట్టినవా?"

"దానికేనత్తమ్మా. పెద్దబిళ్ల కాడికెల్లి చిన్నబిళ్ల దాంక వరుసగ కొట్టాలె. నాకు అక్షరాలు రావు గదా."

అత్త స్టూలు లాక్కుని కూర్చుంది. "కొట్టు, జూస్త."

నల్ల తెర మూసి, మళ్లీ తెరిచి, మొదటి నుంచీ కొట్టాను. పాస్‌వర్డు అడిగింది. ఏమీ కనబడకపోయినా షట్టరు నంబరు మొత్తం నొక్కి, పోతే పోనీ అని ఎంటర్ కొట్టాను. తెల్లటి అక్షరాలు పుట్ట కదిపితే లేచిన చీమల్లా పైకి పాకడం మొదలుపెట్టాయి. "ఖరాబు జేసినవ్ వదినె, ఇగ అయిపోయింది" అన్నాడు మరిది. "నువ్వు జర నోరు మూస్తవా" అంది అత్త, తెర మీద నుంచి కళ్లు తిప్పకుండా. ఎంతసేపు నడిచిందో నాకు తెలియదు. మరిది విసుగెత్తి చాయ్ తాగడానికి పోయి, తాగి, తిరిగి వచ్చేసరికి కూడా నడుస్తూనే ఉంది. ఆ తర్వాత ఆగింది. అప్పటికే గుమ్మంలో ఫైలు పట్టుకుని ఒక పిల్ల నిలబడింది. "అక్కా, సైటు వస్తుందా?" తెరిచాను. వచ్చింది. ఆ పిల్ల నన్ను లేవమని కుర్చీలో కూర్చుంది.

మరిది ఎప్పుడు వెళ్లిపోయాడో చూడలేదు. అత్త లేచి, టేబుల్ మీది అట్ట తీసి తన రొంటిన దోపుకుంది. ఇక తాళంచెవి కూడా అడుగుతుందనుకున్నాను. గడప దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే చెప్పింది. "ఇవి ఊడిపోతె నాకు జెప్పు, నేను దెచ్చిస్త. నువ్వు బజార్ల కొనకు, జనం లేనిపోనివి అంటరు." తాళంచెవి సంగతి ఆ రోజూ ఎత్తలేదు, ఆ తర్వాతా ఎత్తలేదు.

అప్పటినుంచి మూడు కీబోర్డులు మారాయి. ఇప్పుడు బిళ్లలు అక్కర్లేదు, నేను పిల్లలతో మాట్లాడుతుంటే వేళ్లు వాటంతట అవే కొట్టేస్తాయి. కానీ అత్త బతికున్నన్నాళ్లూ, తన నుదుటికి కొనుక్కున్నప్పుడల్లా కంప్యూటర్‌కు కూడా ఒక అట్ట తెచ్చేది. ఐదు బిళ్లలు తీసుకుంటే అట్ట మీద ఇంకా బోలెడు మిగిలేవి. అన్నీ నా సొరుగులోనే, నా చేతికిందే. వాటిలో ఒకటి తీసి తన నుదుటికి పెట్టుకోవచ్చని ఆ ఇరవై ఆరేళ్ల పిల్లకు ఒక్కరోజైనా తట్టలేదు. మిషనుకు బొట్టు పెట్టడానికి అంత తెలివి చూపించిన పిల్ల, తనదాకా వచ్చేసరికి ఎంత పిచ్చిదో చూడండి. తలుచుకుంటే దాన్ని దగ్గరికి లాక్కుని, నెత్తిన ఒక మొట్టికాయ వేసి, నేనే ఒకటి పెట్టి పంపుదామనిపిస్తుంది.