చిన్నాన్న కలుపుగోలుతనం

మొన్న మా అమ్మాయి పరీక్షకు చదువుకుంటూ, 'అఫబుల్' అంటే ఏమిటని అడిగింది. కలుపుగోలు మనిషి అన్నాను. వాక్యంలో పెట్టి చెప్పమంది. వాక్యం తట్టలేదు కానీ, పుంగనూరు దగ్గర సేద్యం చేసిన మా చిన్నాన్న గుర్తుకొచ్చాడు. చిన్నాన్నతో సదుం బస్సెక్కితే మనం దిగేలోగా కండక్టరు ఇంటి గొడవలన్నీ తెలిసిపోయేవి. మదనపల్లె మార్కెట్టుకు టమోటాలు తోలుకుపోయి, ముక్కూ మొహం తెలియని వాడి పెళ్లికి పిలుపు అందుకుని వచ్చేవాడు. "ఊరోళ్లందరితో మాట్లాడతాడు, ఇంట్లో ఉప్పు లేదంటే మాత్రం పలకడు సూడప్పా" అని చిన్నమ్మ నాతో మొత్తుకునేది.

తొంభైల చివర్లో వానలు మొహం చాటేసిన ఏడు అది. పక్కచేను అన్నదమ్ములిద్దరికీ ఒకటే బోరు. కరెంటు ఉండే ఆ కాసేపూ నీళ్లు ఎవరివని రోజూ రగడే. ఒక పొద్దున అన్న కొడవలి తీసుకుని తమ్ముడి పైపు కోసేశాడు. తమ్ముడు పార ఎత్తి అన్న భుజం మీద వేశాడు. ఎముక విరిగిన చప్పుడు మా గట్టు దాకా వినిపించింది. అన్న నెత్తురోడుతూనే కొడవలి విసిరాడు, తమ్ముడి చెవి తెగి వేలాడింది. మేమంతా బిగుసుకుపోయాం. చిన్నాన్న ఒక్కడే నడుచుకుంటూ ఇద్దరి మధ్యకు పోయి, తమ్ముడి ముందు చెయ్యి చాచాడు.

"అప్పా, ఒక బీడీ ఉంటే ఇయ్యి. పొద్దున్నించి నోరు పీకతాండాది."

తమ్ముడి చెయ్యి జేబు దాకా పోయింది కూడా. అంతలో అన్న వెనకనుంచి బూతు తిట్టాడు. తమ్ముడు మళ్లీ పార ఎత్తాడు. అన్న నెత్తికని వేసిన దెబ్బ చిన్నాన్న దవడకు తగిలింది. పళ్లు మట్టిలో రాలాయి.

మదనపల్లె ఆసుపత్రిలో దవడకు తీగలు బిగించారు. మాట మళ్లీ వస్తుందో రాదో చెప్పలేమన్నారు. మాట పోతే ఈయనలో ఇంకేం మిగులుతుందని చిన్నమ్మ ఒకటే ఏడుపు. సాయంత్రం చెవికి కట్టుతో తమ్ముడు వార్డు వాకిట్లో నిలబడ్డాడు. వాణ్ణి చంపేయాలన్నంత కోపంతో లేచాను. చిన్నాన్న మాత్రం మంచం పట్టె మీద చేత్తో తట్టి, కూర్చోమని సైగ చేశాడు. వాడు తల దించుకుని కూర్చున్నాడు.

"బోరు కోసం కాదన్నా. మా నాయన సచ్చిపోయినప్పుడు నేను కుప్పంలో రాళ్ల పనికి పోయుంటి. నేనొచ్చేదాకా ఆగకుండా మా అన్న పాడె ఎత్తేసినాడన్నా. మొగం కూడా సూడలేదు" అని భోరుమన్నాడు. అన్నేళ్లలో ఆ మాట ఎవరితోనూ అనలేదట. నోరు తెరవలేని చిన్నాన్న దగ్గర అన్నాడు. కలుపుగోలు అన్న పదానికి అర్థం నాకు ఆ పూట తెలిసింది.

మాట కాస్త వంకరగానే అయినా తిరిగొచ్చింది. రాగానే చిన్నాన్న ఆ పక్కచేను అన్న ఇంటికి పోయాడు. ఏం మాట్లాడాడో మాకు చెప్పలేదు. అన్నదమ్ములు మాత్రం కలవలేదు. తమ్ముడు మళ్లీ కుప్పం పోయి అక్కడే స్థిరపడ్డాడు.

కొన్నేళ్లకు చిన్నాన్న పోయాడు. పొద్దు వాలుతోంది, ఎత్తుదామని అందరూ తొందరపడుతుంటే, ఆ అన్న వంకర భుజంతో వచ్చి పాడెకు అడ్డంగా కూర్చున్నాడు.

"ఎవురూ ముట్టకండప్పా. నా తమ్ముడు వస్తాండాడు."

కుప్పం బస్సు వచ్చేదాకా ఆగాం. ఒక మనిషి కోసం కాసేపు ఆగడం నేర్చుకోవడానికి ఒక్కోసారి అన్నేళ్లు పడుతుంది.